కడలి దాటిన చదువులు, మహమ్మారి రోజులు



మహమ్మారి వ్యాధులు వ్యాపించిన రోజుల్లో పరదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లల సంగతి ఏమైంది, విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వాలూ వాళ్ళ విషయంలో ఎలాంటి నియమాలు పెట్టాయి, ఆ నియమాలు నిజంగా ఎవరి క్షేమం కోరి పెట్టినవి, ఈ సంగతులు ఈవేళ మీతో ముచ్చటిస్తాను. ఇదేదో మద్రాసు వాళ్ళ గొడవ, హైదరాబాదు వాళ్ళ గొడవ అనుకోకండి. వేలూరు, గుడియాత్తం, పేర్నంబట్టు, అవతల చిత్తూరు, పలమనేరు, ఈ చుట్టుపట్ల పరదేశంలో చదివే పిల్లలున్న ఇళ్ళు ఇప్పుడు అరుదు కాదు. అసలు ఈ చరిత్ర మన గడప దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు.

మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే వేలూరుకు దేశమంతటా పేరు తెచ్చిన ఆసుపత్రి ఒకటి ఉంది కదా. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ 1870లో పుట్టింది ఇక్కడే, రాణిపేటలో. చదువు కోసం అమెరికా వెళ్ళి, 1899లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. ఆడవాళ్ళను చేర్చుకోవడం ఆ కళాశాలకు అప్పుడే కొత్త. తల్లిదండ్రులు అమెరికా వాళ్ళే అయినా, మన గడ్డ మీద పుట్టి, సముద్రం దాటి చదివి, ఆ చదువును మళ్ళీ ఇక్కడికే మోసుకొచ్చిన మనిషి ఆమె. 1902లో నలభై పడకల ఆసుపత్రి కట్టించారు. ఆ తర్వాత వారానికొకసారి వేలూరు నుంచి గుడియాత్తం వెళ్ళి వైద్యం చేసేవారు. 1909లో ప్యూజో అనే ఫ్రెంచి మోటారు బండి వచ్చింది. దారి పొడుగునా చెట్ల కింద రోగులు కూర్చుని ఉండేవారు. బండి ఆపి మందులిచ్చి, కట్లు కట్టి, మళ్ళీ కదిలేవారు. మొదట్లో ఆ బండి చప్పుడు విని దయ్యం వస్తోందని జనం పొలాల్లోకి పరుగెత్తేవారని చెబుతారు. తరువాత ఆ బండి కోసమే తెల్లవారకముందు నుంచీ కాచుకుని కూర్చున్నారు.

1918 ఆగస్టు 12న ఆమె వేలూరులో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. బడిపంతుల్ని కాబట్టి తారీఖులు కాస్త ఎక్కువగా చెబుతాను, విసుక్కోకండి. ఈ తారీఖుకు ఒక విశేషం ఉంది. ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం, సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చేసరికి దేశమంతా కార్చిచ్చులా పాకింది. మన దేశంలో కోటి మందికి పైగా దానికి బలయ్యారు. అంటే మన ప్రాంతపు ఆడపిల్లలు వైద్యం నేర్చుకోవడానికి ఇల్లు విడిచి హాస్టలుకు వచ్చిన కొద్ది వారాలకే, ప్రపంచ చరిత్రలోని అతి పెద్ద మహమ్మారుల్లో ఒకటి వచ్చిపడింది. ఆ పాఠశాల మూతపడలేదు. మొదటి జట్టు 1922లో చదువు ముగించుకుని బయటికొచ్చింది.

అప్పటి పద్ధతి ఒకటి గమనించండి. పిల్లను పంపిన ఇంటికీ, చేర్చుకున్న సంస్థకూ నడుమ మనుషులుండేవారు. పేరుపెట్టి అడగదగిన మనుషులు. విశాఖపట్నంలో 1890లో పుట్టిన మన తెలుగు బిడ్డ డాక్టర్ హిల్డా లాజరస్ మద్రాసులో వైద్యం చదివి, లండనులోనూ డబ్లినులోనూ పై చదువులు పూర్తిచేసి, 1917లో విమెన్స్ మెడికల్ సర్వీసులో చేరారు. చివరికి ఇదే వేలూరు వైద్య కళాశాలకు భారతీయుల్లో తొలి డైరెక్టరు అయ్యారు. ఆ తరంలో పరదేశం పోయి చదివినవాళ్ళు ఇప్పటితో పోలిస్తే చాలా తక్కువ మంది. 

ఇంకొక్క సంగతి చెప్పి వేలూరు దాటి ముందుకు పోతాను. 1938లో మద్రాసు ప్రభుత్వం వైద్యవిద్య నియమాలు మార్చింది. వేలూరు పాఠశాల ఇస్తున్న డిప్లొమా ఇక పనికిరాదు, విశ్వవిద్యాలయపు పట్టా ఉండాలి అంది. చదువు నాణ్యత పెరగాలన్న ఉద్దేశం మంచిదే. కానీ అప్పటికి ఉన్న కట్టడాలతో, ఉన్న అధ్యాపకులతో ఆ స్థాయి అందుకోవడం ఎలా? డెబ్బై ఏళ్ళ వయసులో ఐడా స్కడర్ అమెరికా పోయి ఊరూరూ తిరిగి డబ్బు కూడబెట్టవలసి వచ్చింది. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయ్యాయి. నియమం మారినప్పుడు దాని బరువును ఇక్కడ సంస్థ మోసింది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు ఇదే 1918లో అమెరికా కళాశాలల్లో ఏం జరిగిందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. విద్యార్థులను సైనికులుగా తయారుచేయడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. అక్టోబరు 1వ తేదీన 500కు పైగా కళాశాలల్లో కుర్రవాళ్ళను శిక్షణలో చేర్చుకుని, బ్యారక్కుల్లో పక్కపక్కనే మంచాలు వేసి పడుకోబెట్టారు. ఇన్‌ఫ్లుయెంజా ఉద్ధృతంగా ఉన్న నెల అదే! ఊళ్ళో సినిమాహాళ్ళు మూసేశారు, చర్చీలు మూసేశారు, విద్యార్థులను మాత్రం గుంపుగా చేర్చారు. జబ్బు ఎలా పాకుతుందో అధికారులకు తెలియక చేసిన పని కాదు. యుద్ధానికి మనుషులు కావాలి, అంతే. విద్యార్థి క్షేమం అనే మాట కాగితం మీద ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, ఇంకో అవసరం వస్తే అది వెనక బెంచీకి పోతుందని ఆ సంవత్సరమే తేలింది.

2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. ఆ మే నెలలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం చైనా, హాంకాంగ్, తైవాన్, సింగపూరు నుంచి వేసవి తరగతులకు రావలసిన వందలాది విద్యార్థులను రావద్దు అంది. ఏ విద్యార్థికి జబ్బు ఉంది, ఎవరికి లేదు అని చూడలేదు, ఏ దేశం నుంచి వస్తున్నారన్నదే చూసింది. విమర్శలు రాగానే కొన్ని రోజుల్లో కొంత సడలించింది. 2009లో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులో, న్యూయార్కు నుంచి వచ్చిన 23 ఏళ్ళ యువకుడిలో. అది ఎక్కువ రోజులు భయపెట్టలేదు కాబట్టి దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదనే నా అభిప్రాయం.

ఇక 2020 సంగతికి వద్దాం.

మన దేశంలో కోవిడ్ మొదటి కేసు జనవరి 30న కేరళలోని త్రిశూరులో బయటపడింది. చైనాలోని వూహాన్ నుంచి ఇంటికొచ్చిన వైద్య విద్యార్థిని ఆమె. మొదటి మూడు కేసులూ వూహాన్‌లో వైద్యం చదివే పిల్లలవే. ఫిబ్రవరి 1, 2 తేదీల్లో ఎయిరిండియా విమానాలు రెండు వూహాన్ నుంచి సుమారు 650 మందిని తీసుకొచ్చాయి. వాళ్ళలో చాలామంది విద్యార్థులు. వాళ్ళను ఢిల్లీ దగ్గర మానేసర్ సైనిక శిబిరంలోనూ, ఛావ్లా శిబిరంలోనూ వేరుగా ఉంచి, పరీక్షలు చేసి, ఇళ్ళకు పంపారు. ఈ పని చక్కగా జరిగింది. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి.

కానీ మార్చి నెల వచ్చేసరికి లెక్కలు మారిపోయాయి. ఒకవైపు పరదేశపు విశ్వవిద్యాలయాలు హాస్టళ్ళు ఖాళీ చేయమన్నాయి. హార్వర్డు విశ్వవిద్యాలయం మార్చి 10న నోటీసు ఇచ్చి, 15వ తేదీలోగా గదులు ఖాళీ చేయమంది. అయిదు రోజులు! ఇల్లు పక్క ఊళ్ళో ఉన్నవాడికి అయిదు రోజులు చాలు. ఇల్లు పది వేల మైళ్ళ అవతల ఉన్నవాడి సంగతేమిటి? మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చన్నారు. మరోవైపు మన దేశం తలుపులు మూసుకుంటూ వచ్చింది. మార్చి 18 నుంచి యూరపు, ఇంగ్లండుల నుంచి వచ్చే ప్రయాణికులను ఆపేశారు. అంతకు ముందురోజే ఫిలిప్పీన్సు, మలేషియాల నుంచి వచ్చేవాళ్ళను ఆపారు. ఆ నిషేధం వచ్చేసరికే ఫిలిప్పీన్సులో వైద్యం చదువుతున్న మన పిల్లలు ఇంటికి బయలుదేరి, సగం దారిలో కౌలాలంపూరు విమానాశ్రయంలో ఉన్నారు. వెనక్కు పోలేరు, ముందుకు రాలేరు. వాళ్ళలో తెలుగు పిల్లలు చాలామంది. గగ్గోలు పుట్టిన తర్వాత ఢిల్లీకి, విశాఖపట్నానికి ప్రత్యేకంగా విమానాలు అనుమతించారు.

మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. మళ్ళీ వందేభారత్ పేరుతో మొదటి విమానాలు దిగింది మే 7న. నడుమ 46 రోజులు. హాస్టలు పొమ్మంటోంది, దేశం రావద్దంటోంది. విద్యార్థి ఎక్కడ ఉండాలి?

అమెరికాలో ఎం.ఎస్. చదివే మన పిల్లల బతుకు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. బ్యాంకులో అప్పు తీసుకుని ఫీజు కట్టుకుంటారు. నలుగురైదుగురు కలిసి ఒక అద్దె ఇంట్లో ఉంటారు. విశ్వవిద్యాలయం ఆవరణలోనే గ్రంథాలయంలోనో, క్యాంటీన్‌లోనో వారానికి ఇరవై గంటల పని చేసి తిండి ఖర్చు వెళ్ళదీస్తారు. బయట పని చేయడానికి వీసా ఒప్పుకోదు. ఆవరణ మూసేసరికి ఆ పని పోయింది. అద్దె పోలేదు. అప్పు పోలేదు. ఇక్కడ రిజర్వు బ్యాంకు ఆగస్టు నెలాఖరు దాకా వాయిదాలు కట్టకపోయినా ఫరవాలేదంది గాని, వడ్డీ మాత్రం పెరుగుతూనే పోయింది. ఆ రోజుల్లో తానా వంటి తెలుగు సంఘాల వాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయలు గుమ్మాల దగ్గర పెట్టి వెళ్ళారు.

జూలై 6న ఇంకో పిడుగు పడింది. క్లాసులన్నీ కంప్యూటరు మీదే నడిచే విశ్వవిద్యాలయాల్లోని విదేశీ విద్యార్థులు దేశం విడిచి పోవాలి, లేదా ముఖాముఖీ తరగతులున్న చోటికి మారాలి అని అమెరికా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. జబ్బు వల్ల క్లాసులు కంప్యూటరు మీదికి మార్చింది విశ్వవిద్యాలయాలు, శిక్ష విద్యార్థికి. రెండు రోజుల్లో హార్వర్డు, ఎం.ఐ.టి. కోర్టుకెక్కాయి. 14వ తేదీన ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కు తీసుకుంది. మార్చిలో అయిదు రోజుల నోటీసు ఇచ్చిన విశ్వవిద్యాలయమే జూలైలో ఆ పిల్లల పక్షాన కోర్టుకు వెళ్ళింది చూడండి. ఒక సంస్థను మంచిదనో చెడ్డదనో ఒక్క ముక్కలో తేల్చేయడం కుదరదు.

ఇక ఇంటి దారి పట్టినవాళ్ళ మాట. మొదట పద్నాలుగు రోజులు సొంత ఖర్చుతో హోటల్లోనో, కేంద్రంలోనో వేరుగా ఉండాలన్నారు. మే 24న దాన్ని మార్చి, ఏడు రోజులు అక్కడ, ఏడు రోజులు ఇంట్లో అన్నారు. మన సరిహద్దు జనానికి ఇంకో ముడి ఉంది. దిగేది చెన్నైలో, ఇల్లేమో చిత్తూరు జిల్లాలో. లేదా దిగేది హైదరాబాదులో, ఇల్లేమో గుడియాత్తంలో. రెండు రాష్ట్రాలు, రెండు పాసులు, రెండు రకాల లెక్కలు. గుడియాత్తం నుంచి పలమనేరు పోయే దారిలో సైనగుంట దగ్గర ఆ ఏప్రిల్ 26న రోడ్డుకు అడ్డంగా అయిదడుగుల గోడ లేచిన సంగతి మీరు మరిచి ఉండరు. పొన్నై వైపు కూడా కట్టారు. జబ్బు రాకుండా ఉండాలని జిల్లా అధికారులు కట్టిన గోడలవి. అవతలి ఊళ్ళ వాళ్ళు ఆసుపత్రికి రావాలన్నా, ఇవతలి వాళ్ళు కూరగాయలు తెచ్చుకోవాలన్నా ఆ దారే కదా. విమర్శలు వచ్చేసరికి కొద్ది రోజుల్లోనే కూల్చేశారు. చైనా తలుపు మూసింది, అమెరికా తలుపు మూసింది అని చెప్పుకుంటున్నాం గాని, భయం వేసినప్పుడు మనమూ ఆ పనే చేశాం, అదీ ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్ళ నడుమ.

ఇప్పుడు అన్నింటికన్నా బాధాకరమైన భాగానికి వస్తున్నాను. అప్పట్లో చైనాలో చదివే మన విద్యార్థులు సుమారు 23,000 మంది, వాళ్ళలో ఎక్కువమంది వైద్య విద్యార్థులే. 2020 మార్చి 28 నుంచి చైనా విదేశీయుల రాకను ఆపేసింది. సెలవులకని ఇంటికొచ్చిన పిల్లలు ఇక్కడే ఉండిపోయారు. మళ్ళీ వీసాలకు తలుపు తెరిచింది 2022 ఆగస్టులో. అంటే రెండేళ్ళ అయిదు నెలలు. అంతకాలమూ ఇంట్లో ఫోను ముందు కూర్చుని పాఠాలు విన్నారు. ఫీజులు కట్టారు. రోగి నాడి పట్టుకోకుండా, ఆపరేషను గదిలో అడుగుపెట్టకుండా, వైద్యవిద్య సాగింది.

ఇటు మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు 18న కొత్త నిబంధనలు ప్రకటించింది. విదేశంలో కనీసం 54 నెలల చదువు ఒకే సంస్థలో సాగాలి, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఇక్కడికొచ్చి మరో ఏడాది చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత కూడా ఉండాలి. 2022 ఫిబ్రవరి 8న ఇంకో ప్రకటనలో కేవలం ఆన్‌లైన్‌లో చదివిన వైద్యవిద్యను గుర్తించబోమంది. రోగి వైపు నుంచి ఆలోచిస్తే ఇది తప్పని ఎవరనగలరు? శవపరీక్ష చూడని, ప్రసవం చేయించని డాక్టరు దగ్గరికి మన ఇంటి ఆడపిల్లను పంపుతామా? పంపం. కానీ ఆ పిల్లవాడు ఆన్‌లైన్‌ను కోరుకున్నాడా? తలుపు మూసింది ఒక దేశం, గుర్తింపు లేదన్నది ఇంకో దేశం, ఫీజు తీసుకున్నది ఒక విశ్వవిద్యాలయం. ఈ ముగ్గురిలో ఎవరినడిగినా నాది కాదు బాధ్యత అనే జవాబు.

ఈ తగవు కోర్టుకెక్కింది మన తమిళనాడు నుంచే. చైనాలో చదువు చివరి భాగం ఆన్‌లైన్‌లో ముగించిన విద్యార్థులు, తమను తాత్కాలికంగానైనా డాక్టర్లుగా నమోదు చేసుకోమని తమిళనాడు వైద్య మండలిని అడిగి, మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళారు. అక్కడి నుంచి అది సుప్రీంకోర్టు చేరింది. 2022 ఏప్రిల్ 29న తీర్పు వచ్చింది. ఆచరణలో శిక్షణ లేకుండా డాక్టరు కావడం కుదరదని కోర్టు ఒప్పుకుంది. అలాగని ఆ పిల్లల చదువును, తల్లిదండ్రుల కష్టార్జితాన్ని గాలికి వదలకూడదని, రెండు నెలల్లో ఒక పథకం తయారుచేసి ఇక్కడి కళాశాలల్లో శిక్షణకు దారి చూపమని కమిషన్‌ను ఆదేశించింది. జూలై 28న కమిషన్ ప్రకటించింది. చివరి సంవత్సరంలో కోవిడ్ వల్ల గాని, ఉక్రెయిను యుద్ధం వల్ల గాని తిరిగొచ్చి, 2022 జూన్ 30లోగా పట్టా పొందినవాళ్ళు పరీక్ష రాయవచ్చు. పాసైతే ఒక ఏడాదికి బదులు రెండేళ్ళు ఇంటర్న్‌షిప్ చేయాలి. న్యాయమైన పరిష్కారమే. కాకపోతే చివరి సంవత్సరానికి రాని పిల్లలు, అంటే రెండో ఏటో మూడో ఏటో ఇంట్లో ఇరుక్కున్నవాళ్ళు, ఆ గీతకు అవతలే ఉండిపోయారు. 1938లో వేలూరులో నియమం మారినప్పుడు బరువు సంస్థ మోసిందని చెప్పాను కదా. ఈసారి ఆ బరువు ఇరవై ఏళ్ళ పిల్లల మీదా, పొలమో నగో తాకట్టు పెట్టిన తల్లిదండ్రుల మీదా పడింది.

టీకాల విషయంలో మాత్రం కొంత ముందుచూపు కనబడింది. 2021 వేసవిలో అమెరికా కళాశాలలు టీకా వేసుకుంటేనే రమ్మన్నాయి. ఇక్కడ కోవిషీల్డు రెండో డోసుకు 84 రోజులు ఆగాలన్న నియమం ఉండేది. అప్పటికి విమానం వెళ్ళిపోతుంది! జూన్ 7న కేంద్రం విద్యార్థులకు 28 రోజుల తర్వాతే రెండో డోసు ఇవ్వవచ్చని, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు వేయాలని చెప్పింది. హైదరాబాదు నారాయణగూడలో ఇలాంటి విద్యార్థుల కోసం ప్రత్యేకంగా టీకా కేంద్రం నడిచింది. కోవాక్సిన్ వేసుకున్నవాళ్ళకు మాత్రం చిక్కొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒప్పుకున్నది నవంబరు 3న. ఈలోగా తరగతులు మొదలైపోయాయి.

అమ్మలూ, అయ్యలూ, పిల్లను పంపవద్దని నేను చెప్పడం లేదు. ఐడా స్కడర్ వెళ్ళకపోతే, హిల్డా లాజరస్ వెళ్ళకపోతే వేలూరు ఇలా ఉండేది కాదు. కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చున్నప్పుడు మనం అడిగేది ఫీజెంత, అప్పు దొరుకుతుందా, ఉద్యోగం వస్తుందా అని. ఇకమీదట ఇంకో నాలుగు మాటలు కూడా అడగండి. హాస్టలు మూయవలసి వస్తే విదేశీ విద్యార్థిని ఎక్కడ ఉంచుతారు? క్లాసులు ఆన్‌లైన్‌కు మారితే ఫీజు తగ్గుతుందా, ఆగిన ప్రాక్టికల్స్ తరువాత చేయిస్తారా? ఇన్సూరెన్సులో మహమ్మారి ఖర్చు ఉందా, లేక మినహాయించారా? వైద్యమైతే, అక్కడి పట్టాతో ఆ దేశంలోనే డాక్టరుగా పనిచేయడానికి లైసెన్సు వస్తుందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. చైనాలో మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో చెప్పిన లెక్క వినండి. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి ఇక్కడ పరీక్ష రాసినవాళ్ళు 40,417 మంది, పాసైనవాళ్ళు 6,387 మంది. నూటికి పదహారు.

జవాబులు నోటిమాటగా తీసుకోకండి. విశ్వవిద్యాలయం నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. పిల్ల విమానం దిగిన వారంలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే పోర్టల్ పెట్టింది, పరదేశంలో చదివే విద్యార్థులు అందులో వివరాలు ఇచ్చుకోవచ్చు. కష్టంలో ఉన్నవాళ్ళను ఆదుకోవడానికి రాయబార కార్యాలయాల దగ్గర సంక్షేమ నిధి కూడా ఒకటి 2009 నుంచి ఉంది. విమానాలు ఆగిపోయినప్పుడు మన పిల్ల ఏ ఊళ్ళో ఉందో ఆ జాబితా చూసే తెలుసుకుంటారు. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, అక్కడి గది చిరునామా, ఇంటి యజమాని ఫోను నంబరు ఒక కవరులో పెట్టి ఇంట్లో ఉంచుకోండి. రేషను కార్డు పెట్టుకునే చోటే పెట్టండి, వెతుక్కోనక్కర్లేదు.